రెండు వైపులా ఎర్త్

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను బట్టీ విభాగం నుంచి గనుల విభాగానికి మార్చారు. గురజాల పక్కన సిమెంటు ఫ్యాక్టరీ మాది. నా హోదా ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్యూటీ మేనేజర్. బట్టీలో వేడెంత, బెల్టు మీద రాయెంత అని చెప్పే మీటర్లు అబద్ధమాడకుండా చూడటం నా ఉద్యోగం.

నన్ను మార్చడానికి కారణం క్రషర్ దగ్గరున్న తూకం. సున్నపురాయిని పగలగొట్టే క్రషర్ క్వారీ అంచున ఉండేది. కంట్రోల్ రూమ్ ప్లాంటులో, రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరాన. బెల్టు మీద గంటకెన్ని టన్నుల రాయి పోతోందో తూకం యంత్రం చూసి కంట్రోల్ రూమ్‌కి పంపాలి. ఆ అంకెలు నడిచేది సీరియల్ లైను మీద. పొలం గట్టు మీద కూలీలు ఒకరి వెనక ఒకరు పోయినట్టు అంకెలు కూడా ఒక్కొక్కటిగా పోతాయి. రాగి తీగ మీద అవి నమ్మకంగా పోయేది కిలోమీటరుకు కాస్త పైన, అంతే. మధ్యలో సిగ్నల్‌కు మళ్లీ బలమిచ్చే రిపీటర్ పెట్టె ఒకటి పెట్టి నెట్టుకొస్తున్నారు. క్వారీ దగ్గర పిడుగు పడితే చాలు, ఆ కరెంటు తీగ పట్టుకుని వచ్చి, యంత్రాలకు తీగ తగిలించే పోర్టులు మాడ్చేది. తూకం కనపడకపోతే క్రషర్ ఆపాల్సిందే.

ఫైబర్ వేద్దామన్నాను. గాజు పోగులో పోయేది వెలుగు, కరెంటు కాదు. క్రషర్ దగ్గర ఒక కన్వర్టరు పెట్టె సీరియల్ సిగ్నల్‌ను వెలుగుగా మారుస్తుంది, కంట్రోల్ రూమ్‌లో ఇంకొకటి దాన్ని మళ్లీ సిగ్నల్ చేస్తుంది. మధ్యలో తీగ మారిందన్న సంగతి అటు తూకానికీ తెలియదు, ఇటు కంప్యూటరుకీ తెలియదు. ఎలకలు కొరక్కుండా, టిప్పర్ల కింద నలక్కుండా ఉక్కు తొడుగున్న కేబుల్ తెప్పించాను. ఆ తొడుగును ఆర్మర్ అంటాం.

కేబుల్ వేసింది మస్తాన్. మాచర్ల మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. కేబుల్ పెట్టెలోకి వెళ్లే చోట బిగించే గ్లాండు అతను వేశాడంటే ఇక చూసుకోనక్కర్లేదు. ఏళ్ల తరబడి కాంట్రాక్టరు కిందే పనిచేశాడు. ఆ వేసవిలో అతన్ని పర్మనెంట్ చేసే ఫైలు జనరల్ మేనేజరుగారి టేబుల్ మీదకు చేరింది. సంతకం ఒక్కటే మిగిలింది.

లైను మొదటిరోజే పలికింది. ఇక ఉరిమినా మెరిసినా మనకు దిగుల్లేదని పొద్దుటి మీటింగులో గొప్పగా చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

తొలకరిలో ఒక మధ్యాహ్నం క్వారీ వైపు పిడుగు పడింది. క్రషర్ దగ్గరి కన్వర్టరూ, తూకం పోర్టూ రెండూ పోయాయి.

మర్నాడు మీటింగులో జీఎంగారు, కరెంటు పోని తీగలో కరెంటెట్లా వచ్చిందయ్యా, గ్లాండ్లు వేసిందెవరు అని అడిగారు. మస్తాన్ అని చెప్పాను. అబద్ధం కాదు. పనితనం లోపమని రాసి అతనికి మెమో ఇవ్వమన్నారు. మెమో పడితే ఆ ఫైలు కదలదని అక్కడున్న అందరికీ తెలుసు.

క్రషర్ దగ్గరికి వెళ్లి పెట్టె తెరిచాను. పనిలో వంక పెట్టడానికి లేదు. ఉక్కు ఆర్మర్‌ను శుభ్రంగా గీకి, కొసకు లగ్గు అనే రాగి బిళ్ల వేసి, పెట్టెలోంచి నేలలోకి దిగే ఎర్త్ పట్టీకి బిగించాడు. కంట్రోల్ రూమ్ వైపూ అంతే. తప్పు అక్కడే ఉంది. గాజు కరెంటును ఆపింది. కానీ ఉక్కును రెండు చివరలా ఎర్త్ చేయడంతో క్వారీ నేలకూ ప్లాంటు నేలకూ మధ్య మేమే దారి వేసిచ్చాం. పిడుగు తూకం మీదుగా మా పెట్టెలోకి దిగి, ఆర్మర్ పట్టుకుని పోయింది.

ఆర్మర్ ఉన్న కేబుల్ ఏదైనా రెండు వైపులా ఎర్త్ చేయాలన్నది నేను రాసిన చెక్‌లిస్టు. రాగి కేబుళ్ల కోసం రాసుకున్న కాగితాన్నే ఫైబరుకూ వాడాను. పైగా మస్తాన్ నన్ను అడిగాడు కూడా. ఆ మాట పెట్టె ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది.

"గాజు తీగలో కరెంటే పోదు గదా సార్, ఈ ఇనుముకి రెండు పక్కలా ఎర్త్ ఏంది?" అన్నాడు ఆ రోజు.

"కాగితంలో ఉంది చెయ్యి భాయ్" అన్నాను నేను.

ఒక పూట ఊరుకున్నాను. దాచడమెందుకు, నా పేరు పోతుందని భయపడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నా డిజైను తప్పని ఎవరూ అనలేదు. సాయంత్రం మస్తాన్ కనిపిస్తే, మీటింగులో సంగతి తెలిసి కూడా నోరెందుకు మెదపలేదని నేనే కోప్పడ్డాను.

"నేనేం చెప్పాలి సార్? చెప్పాల్సింది మీరు గదా" అన్నాడు. గొంతు పెంచలేదు. పానా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

జీఎంగారు ఇంకా సీట్లోనే ఉన్నారు. నా సంతకమున్న చెక్‌లిస్టు ఆయన ముందు పెట్టి, మస్తాన్ అడిగిందీ, నేను అన్నదీ ఉన్నదున్నట్టు చెప్పాను. అయితే మెమో మీకివ్వాలి అన్నారు. ఇవ్వండి అన్నాను. ఇచ్చారు. ఆ ఏడు నా ప్రమోషన్ పోయింది. మస్తాన్ ఫైలు మీద సంతకం పడింది.

క్వారీ వైపు ఆర్మర్‌ను పెట్టెకు జానెడు ముందే కోయించి, రబ్బరు స్లీవు తొడిగి, ఏ ఇనుముకూ తగలకుండా వదిలేశాం. ఎర్త్ ఒక్క ప్లాంటు వైపే ఉంచాం. ఆ వానాకాలమంతా పిడుగులు పడ్డాయి. తెర మీద టన్నులు ఒక్క నిమిషం ఆగలేదు. నా లెక్కలో ఫైబర్ అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే.

ఆ తర్వాత చెక్‌లిస్టును తిరగరాశాను. నా సంతకానికి పైన, పనిచేసిన మనిషి ఏం అడిగాడో, దానికి నేనేం చెప్పానో రాసే గడి ఒకటి పెట్టాను. ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద రిటైరయ్యేదాకా సంతకం చేయలేదు.