బస్సులో రెండు నాడులు

ఉప్పల్‌లో బస్సు వెంట పరుగెత్తి ఎక్కాను. పక్క సీటాయనకు యాభై ఏళ్లుంటాయి. ఫ్యాక్టరీ చొక్కా, ఒళ్లో టిఫిన్ డబ్బా. కుడిచేతి వేళ్లతో ఎడమ మణికట్టు పట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.

"తమ్మీ, జర నీ గడియారం సూసి లెక్కపెడతవా? నాకు మధ్యల తప్పుతున్నది."

గుండెపోటొచ్చి స్టెంటు వేశారట. రెండు నెలల తర్వాత మళ్లీ డ్యూటీకి ఇదే మొదటి రోజు.

"డాక్టర్ పొమ్మన్నడు. గుండె పొమ్మంటలేదు. వచ్చే స్టాపుల దిగి వాపస్ పోదామనుకుంటున్న."

ఈసీజీ యంత్రాలు సరిచూసే ఉద్యోగం నాది. గుండెచప్పుడంటే అప్పటిదాకా నాకు కాగితం మీద గీతే. ఇంకొకరి మణికట్టు పట్టుకోవడం అదే మొదలు. నిమిషం నిండా లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిది.

"మూడు కారణాలు అన్నా. ఒకటి, బస్సు మెట్లెక్కిన్రు, కండరాలకు రక్తం ఎక్కువ కావాలె. రెండు, ఎండ. మూడు, భయం. మూడింటికీ గుండె తొందరపడుతది."

"మూడోది మస్తుగున్నది తమ్మీ," అన్నాడు కానీ నమ్మలేదు. నా చెయ్యి ఇచ్చి, నాది చూడమన్నాను. గడియారం మీంచి కళ్లు తిప్పకుండా లెక్కపెట్టాడు. తొంభై ఆరు.

"అరే! నీకన్న నాదే నయమున్నది గద!" అని పెద్దగా నవ్వాడు. "నువ్వే జర పైలంగ ఉండు."

దిగిపోతానన్న స్టాపు ఎప్పుడు దాటిందో ఆయన గమనించలేదు. నాచారంలో తన ఫ్యాక్టరీ దగ్గర దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. తన మణికట్టు మాత్రం మళ్లీ పట్టుకోలేదు.