నూట ముప్పయ్యైదు లెన్సులో వెంకయ్య చెయ్యి

1963 వేసవిలో నన్ను నూజివీడు పంపారు. అప్పటికి నేను బెజవాడలో ఒక వారపత్రికకు జూనియర్ ఫొటోగ్రాఫర్ని. మద్రాసులో డిప్లొమా పూర్తిచేసి ఏడాది కాలేదు. ఆ హోదాలో ఉన్నవాడికి సభలు, శంకుస్థాపనలు, దండలు వేసుకున్న పెద్దమనుషులు దక్కేవారు. ఆటలూ పందేలూ చీఫ్ ఫొటోగ్రాఫర్ సొంతం. ఆయనకు జ్వరం రావడంతో ముసునూరు దగ్గర జరిగే ఎడ్ల బండలాగుడు పందెం నాకు వచ్చింది.

పందెం పద్ధతి ఇది. ఒక్కో జతకూ ఇంత సమయమని ఇస్తారు. ఆ సమయంలో రాతిబండను బాట వెంట ఎన్ని అడుగులు లాగితే అంత లెక్క. తోలేవాడు చర్నాకోల వాడవచ్చు. ములుకర్ర, అంటే చివర మేకు దిగ్గొట్టిన కర్ర, నిషేధం. విడి మేకు చేతిలో దాచుకున్నా అంతే. దొరికితే ఆ జత లాగిన దూరం రద్దు చేస్తారు.

నా సంచిలో మూడు లెన్సులు ఉండేవి. ముప్పయ్యైదు మిల్లీమీటర్లది పెడితే గిట్టల కిందకు వెళ్ళాలి. యాభై ఎనిమిదితో ఎడ్లూ, తోలేవాడూ, బండా అన్నీ పడతాయి, కానీ వెనక జనానికి అడ్డంగా కట్టిన తాడు, జనం, సైకిళ్ళు, సోడాబండి కూడా పడతాయి. నూట ముప్పయ్యైదుతో ఎడ్ల మొహాలు మాత్రమే నిండుగా వస్తాయి, వెనకదంతా పొగలా కరిగిపోతుంది. నోటుబుక్కులో నాలుగు గడులు గీసి దూరం, వేగం, వెలుతురు, వెనక ఏముందన్నది రాసుకున్నాను. సాయంత్రం బాట పైకొస మామిడితోట నీడలో పడుతుంది కాబట్టి లెన్సు పూర్తిగా తెరవాలి. ఇరవై అడుగుల దూరంలో అలా తెరిస్తే స్పష్టంగా వచ్చే లోతు మూరెడు. ఆ లెక్క ముందే వేశాను. ఎద్దు మొహం మూరెడే కాబట్టి చాలుననుకున్నాను. నూట ముప్పయ్యైదు బిగించాను.

చివరి జత చాట్రాయి రాఘవయ్యగారిది. ఆయనకు మామిడితోటలు, పొలాలు ఉన్నాయి. తోలింది ఆయన పాలేరు వెంకయ్య. వయసు నలభై లోపే. దూడలప్పటినుంచీ ఆ ఎడ్లను సాకింది అతనే. బాటలోకి దిగే ముందు నావంక చూసి, "మావాటికి సిగ్గెక్కువండి, మరీ దగ్గరకొచ్చి బెదరగొట్టకండి" అన్నాడు. నవ్వాను. తాడు లోపల నిలబడటానికి అనుమతి నాకొక్కడికే ఉంది. అంపైర్లు బండ పక్కన అడుగులు కొలుస్తున్నారు. నేను ఎదురుగా ఉన్నాను.

ఆ జత అందరికంటే ఎక్కువ దూరం లాగింది. కాడి దించేసరికి కుడి ఎద్దు తుంటిమీద రక్తం కనిపించింది.

రెండో స్థానంలో ఉన్నవాళ్ళు బండకు అడ్డంగా నిలబడ్డారు. "ఏరా ఎంకయ్యా, వేళ్ళ మధ్యేం దాచావురా? సూదిమందేశావా ఎద్దుకి?" అన్నాడొకడు. జనం నవ్వారు. గొలుసు కొక్కెం గీరుకుపోయిందని వెంకయ్య చెప్పాడు. కొక్కెం తీసి చూపించాడు. అయినా అతని అరచేతులూ, పంచె మడతలూ వెతికారు. ఏమీ దొరకలేదు. దుమ్ములో పారేసి ఉంటాడన్నారు.

రాఘవయ్యగారు ఒక్క మాటే అన్నారు. "తప్పు తేలిందో, ఇక నా గుమ్మం తొక్కొద్దు."

అంపైరు నావైపు తిరిగాడు. "ఏవండీ ఫొటోగ్రాఫరుగారూ, మీరు ఎదురుగానే ఉన్నారు కదా. చదువుకున్నవారు, ఇటువారూ కాదు, అటువారూ కాదు. మీరేం చూశారో చెప్పండి, అందరం ఒప్పుకుంటాం."

నేనేమీ చూడలేదు. మా కెమెరాలో లెన్సు చూపించేదే కంటికి కనిపిస్తుంది. అక్కడున్న అందరికంటే దగ్గరగా నిలబడి, నేను చూసినవి రెండు ఎడ్ల మొహాలూ, వాటి నురగా. ఆ మాటే చెప్పాను. అయితే ఫొటో వచ్చాకే తేలుద్దామన్నారు.

మర్నాడు ఉదయం నూజివీడులో ఒక స్టూడియోవాళ్ళని అడిగి ఫిల్ము కడిగాను. ఆ జతవి పదకొండు ఫ్రేములు. పదింటిలో చెయ్యే లేదు. పదకొండోదానిలో, రెండు తలల మధ్య సందులో, వెంకయ్య కుడి పిడికిలి పడింది. అది ఎడ్ల మొహాలకు ఏడెనిమిది అడుగుల వెనక ఉంది. బూడిదరంగు మచ్చలా ఉంది. వేళ్ళ దగ్గర ఒక తెల్లటి చుక్క. పెద్దది చేస్తే మచ్చ పెద్దదైంది, అంతే.

పదిగంటలకు ఆ ప్రింటు పందెం కమిటీ ముందు పెట్టాను. చుక్క ఏమిటన్నారు. ఎంత చిన్న మెరుపైనా ఫోకస్ తప్పితే పెద్ద చుక్కగా కనిపిస్తుందని వివరించాను. అతనికి మేలు చేస్తున్నాననుకునే వివరించాను.

"అంటే మెరిసేదేదో చేతిలో ఉన్నట్టేగా?" అన్నాడు అంపైరు.

ఉందన్నాను. అది నిజం.

"నా రాగి ఉంగరం బాబూ అది," అని వెంకయ్య వేలు చాపాడు. నల్లబడిన పాత ఉంగరం. "దీనికంత మెరుపా? అదే నిజమైతే ఊళ్ళో దీపాలెందుకు?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

ఉంగరమా, మేకా అని నన్నడిగారు. ఏదైనా కావచ్చు, చెప్పలేనన్నాను. మేకు కాదని నేను అనలేకపోయిన ఆ ఒక్క క్షణంలో అంతా తేలిపోయింది. దూరం రద్దు చేశారు. రాఘవయ్యగారు ఎడ్ల పగ్గాలు వేరే పాలేరు చేతికిచ్చి, వెంకయ్యవంక చూడకుండా నడిచి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం బస్సుస్టాండులో వెంకయ్య నా దగ్గరకు వచ్చాడు. "ఇంకో ఫొటో లేదా బాబూ? దూరంనించి తీసింది?" అన్నాడు. దూరంనించి కాదు, ఇంకో లెన్సుతో తీసి ఉండాలి. ఆ లెన్సు నా భుజాన ఉన్న సంచిలోనే ఉంది. అదంతా చెప్పలేక నెగటివు చేతికిచ్చాను. ఎండకెత్తి పట్టుకుని ఫ్రేము తర్వాత ఫ్రేము చూశాడు.

"ఎడ్లు బాగా పడ్డాయండి," అని తిరిగిచ్చాడు.

కాయ కోతలు మొదలయ్యే రోజులవి. ఆ చుట్టుపక్కల ఏ తోటలోనూ అతన్ని కాపలాకు పెట్టుకోలేదని, పెళ్ళాంబిడ్డలతో ఉంగుటూరు వైపు వరి కూలికి వెళ్ళాడని తర్వాత విన్నాను. వెతుక్కుంటూ ఒకసారి వెళ్ళాను. దొరకలేదు. పదకొండో ఫ్రేమును మా పత్రిక పూర్తిపేజీ వేసింది. ఎడ్ల కళ్ళు అంత స్పష్టంగా తనకెప్పుడూ రాలేదని చీఫ్ ఫొటోగ్రాఫర్ మెచ్చుకున్నారు. ఆ వారం నుంచి పందేలన్నీ నాకే ఇచ్చారు. వెంకయ్య చేతిలో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆటల ఫొటోలు తీశాను. లెన్సు బిగించే ముందు దూరం, వేగం, వెలుతురు, వెనక ఏముందన్నది ఎవరైనా చూసుకుంటారు. నేను అయిదో గడి ఒకటి కలిపాను: ఇది పెట్టుకుంటే నేనేం చూడకుండా పోతాను. ఆ గడిలో సరైన జవాబు రాయగలిగిన రోజులు తక్కువ. రాయగలిగినప్పుడు కూడా అది ఆ రోజు ఎదురుగా ఉన్న మనిషికే పనికొచ్చింది. వెంకయ్యకు కాదు.