చందన తెచ్చిన ఇత్తడి పళ్లెం

చందన మంచిది కాదని ఆళ్లగడ్డలో వాళ్ల వీధంతా అంటుంది. మంచిదని నేనూ అనను. ఆడపడుచు నిశ్చితార్థం రోజున ఆమె చేసిన పని చూసినవాళ్లెవరూ అనరు. కానీ ఆమెను ఆ పనికి తయారుచేసింది అత్త రామసుబ్బమ్మే.

రామసుబ్బమ్మ పరాయి మనిషి కాదు, స్వయానా మేనత్త. గోస్పాడులో ఉండే తమ్ముడు చెన్నకేశవులు కూతుర్ని ఏరికోరి కొడుకు వెంకటేష్‌కు చేసుకుంది. మరుసటేడే మగబిడ్డ పుట్టాడు. కొన్ని నెలలు బాగానే పెరిగాడు. తర్వాత మెడ నిలపడం మానేశాడు. గిన్నె చప్పుడైతే చాలు ఉలిక్కిపడేవాడు, తల్లి ముఖం చూసి మాత్రం నవ్వేవాడు కాదు.

రామసుబ్బమ్మకు పాల మీద అనుమానం వచ్చింది. వాళ్లింట్లో పాత పద్ధతి ఒకటుంది. తల్లి పాలు పళ్లెంలో పిండి, అందులో చీమను వేస్తారు. చీమ పాకి బయటికొస్తే పాలు మంచివి, చస్తే చెడ్డవి. వీధిలోని ఆడవాళ్లందరి ముందూ ఇత్తడి పళ్లెం పెట్టి కోడలి చేత పాలు పిండించింది. చీమ చచ్చింది. పాలల్లో పడ్డ చీమ చావక ఏం చేస్తుంది? ఆ మాట అడిగే నోరు అక్కడ ఒక్కటీ లేదు.

"బిడ్డకు ఇసం తాపుతాండావ్ కదే!" అని రామసుబ్బమ్మ వాణ్ణి ఒళ్లోంచి లాక్కుంది.

ఆ రోజు నుంచి డబ్బాపాలే. రొమ్ము కోసం వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, చందన తలుపు అవతల తడిసిన పైటతో కూర్చునేది.

చివరికి నంద్యాలలో పిల్లల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, జబ్బు పేరు టే-శాక్స్ అని చెప్పాడు. "స్ఫింగోలిపిడ్లని ఒకరకం కొవ్వులమ్మా. చర్మంలో ఉంటాయి, రక్తంలో ఉంటాయి, నీ పాలల్లోనూ ఉంటాయి. ఒక్కోచోట ఒక్కో రకం. మెదడులో చక్కెరలు తగిలించుకున్న రకం ఎక్కువ. ఒళ్లే దాన్ని తయారుచేసుకుంటుంది, పాతబడ్డాక ఒళ్లే విరగ్గొట్టుకుంటుంది. మీవాడికి ఆ విరగ్గొట్టే ఎంజైము లేదు. అందుకే మెదడులో పేరుకుపోతోంది. దీనికి మందు లేదు."

"నా పాలతో వచ్చింది కాదా సార్?"

"కాదమ్మా. అది వాడి మెదడే చేసుకున్న కొవ్వు. అమ్మ నుంచి ఒక లోపం, నాన్న నుంచి ఒక లోపం కలిస్తేనే ఈ జబ్బు. మీ నాన్నా, మీ అత్తా తోడబుట్టినవాళ్లు కదా. అక్కణ్ణుంచే వచ్చుంటుంది."

తిరుగు బస్సులో వెంకటేష్ ఒకటే మాట అన్నాడు. "అమ్మకు చెప్పాకు. తట్టుకోలేదు."

చందన చెప్పలేదు. అప్పటికే ఆమె పాలు ఎండిపోయాయి. మూడో ఏడు రాకముందే బిడ్డ పోయాడు. ఆ తర్వాత కడుపులో మిగిలింది పగ ఒక్కటే.

అప్పుడు రామసుబ్బమ్మకు కూతురు దీపికను పుట్టింటి కోడల్ని చేయాలని బుద్ధి పుట్టింది. వరుడు చందన తమ్ముడు హరీష్. చందన గుట్టుగా తమ్ముణ్ణి నంద్యాల తీసుకెళ్లింది. వాడి రక్తంలోనూ అదే లోపం ఉంది. ఇంట్లో మెల్లగా చెప్పి సంబంధం ఆపొచ్చు. ఆమె ఆపలేదు, తమ్ముణ్ణీ నోరు విప్పనివ్వలేదు. ఆమెకు జనం కావాలి.

నిశ్చితార్థానికి వీధంతా వచ్చింది. చెన్నకేశవులు వక్కాకు తట్ట అందుకోబోతుంటే చందన అదే ఇత్తడి పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. బర్రె పాలు పోసి, లడ్డూల మీదున్న చీమను పట్టి అందులో వేసింది. కాసేపు కొట్టుకుని చచ్చింది.

"బర్రె పాలు గదత్తా. ఇవీ ఇసమేనా?"

చందన పళ్లెం అత్త ముందుకు జరిపింది.

"నా బిడ్డను చంపింది పాలు కాదు. నీ నెత్తుట్లోది నీ కొడుక్కొచ్చె, నీ తమ్ముని నెత్తుట్లోది నాకొచ్చె. హరీష్‌కూ ఉండాది. దీపికకు గూడా ఉంటే నీ కూతురి బిడ్డా మెడ నిలపకపోవచ్చు. నంద్యాలకు తీసకపోయి చూపించు."

చెన్నకేశవులు తట్ట కింద పెట్టేశాడు. దీపిక ఏడుస్తూ లేచింది. "తెలిసీ నాకు చెప్పలేదా వదినా?"

"నీకు చెప్తే మీయమ్మ ఇట్ల నలుగుర్లో దొరికేది కాదు."

రామసుబ్బమ్మ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "తెలీకపాయ తల్లీ. నీ పాలు మంచియే. అందరి ముందరే చెప్తాండా, మంచియే."

ఇన్నాళ్లూ చందన ఎదురుచూసింది ఆ మాట కోసమే. విన్నాక కూడా కడుపు చల్లబడలేదు.

"వాడు బతికేవాడు కాదని నాకూ తెల్సత్తా. నువ్వు లాక్కోకుంటే నా రొమ్ము పట్టుకొనే పోయుండేవాడు."

చచ్చిన చీమతో సహా పళ్లెం అత్త చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. రామసుబ్బమ్మ దాన్ని కింద పెట్టలేక, పట్టుకోనూలేక, వీధి వాళ్లందరి ముందూ అట్లాగే నిలబడిపోయింది.