గోడ మీది చెయ్యి

నా చిన్నప్పుడు, భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చిన ఆ సెప్టెంబరు నెలలో, నేను మెట్ల మీది నుంచి పడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. డైరీ రాసే అలవాటు ఇంకా రాలేదు కాబట్టి తారీఖులు చెప్పలేను, జ్ఞాపకం ఉన్నంతవరకే చెబుతాను. విమానాల చప్పుడు వినబడగానే ఇంట్లోవాళ్ళంతా లోపలికి పరుగెత్తారు. నేను వాటిని చూడాలని మిద్దె మెట్లెక్కి, సగంలో కాలు జారాను.

మా ఇల్లు సీతాఫల్‌మండిలో, గోడలు కలిసిన ఇళ్ళ వరసలో ఉండేది. మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, మాతోనే ఉండేది. ఆమె మిషన్ బడిలో డ్రిల్ టీచరు. రోజూ సాయంత్రం ప్రార్థన కాగానే ముందుగదిలో చాప చుట్టేసి, కర్ర డంబెల్సు నా చేతికిచ్చి కసరత్తు చేయించేది. మా నాయనమ్మకు అదంతా తమాషా. ఈ డ్రిల్లు మిలిటరీ వాళ్ళ కంటబడితే మీ ఇద్దర్నీ పటాలంలో చేర్చుకుంటారని ఎగతాళి చేసేది. నాకు మాత్రం అదంటే ప్రాణం. రెండు డంబెల్సూ తలపైకి ఎత్తి ఒకదానికొకటి తాకించినప్పుడు టక్కుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే రోజంతా ఎదురుచూసేదాన్ని.

చేతికి కట్టు విప్పిన రోజు ఆ ఆశ పోయింది. కట్టు లోపలి నుంచి వచ్చిన చెయ్యి నాది కాదనిపించింది. పాలిపోయి, పొరలు లేచి, కుడిచేతిలో సగం లావు కూడా లేదు. తాకితే చల్లగా తగిలింది. ఎత్తమంటే నడుము దాటి రాలేదు. కట్లు కట్టే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి మా అమ్మతో ఒకటే మాట అన్నాడు.

"ఎముక అతికిందమ్మా. ఇగ చలికాలం ముదరకముందే చెయ్యి చెవి దాకా లేవాలె. లేకుంటే గట్లనే గట్టిపడ్తది."

ఆ రోజు నుంచి నేను ఆ చెయ్యిని చూడటం మానేశాను. పైట కింద వస్తువు దాచినట్టు అమ్మ పాత చీరముక్కలో దాన్ని దాచుకుని తిరిగేదాన్ని. అన్నం తినేటప్పుడు, స్నానం చేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. చిన్నమ్మ కొన్నాళ్ళు బతిమాలింది, కొన్నాళ్ళు కోప్పడింది. చివరకు ఒక సాయంత్రం నన్ను ముందుగదిలో గోడకు ఎదురుగా నిలబెట్టి, చెయ్యిని చూడొద్దులే, గోడను చూడు అంది. ఆమె కందిలి వెలిగించి తెచ్చి నా వెనకాల నేల మీద పెట్టింది. నేను వెనక్కి తిరగకూడదని ఒకటే షరతు.

గోడ నిండా ఒక మనిషి లేచింది. తల దూలాల దాకా ఉంది. నేను ఎడమచెయ్యి కొంచెం కదిపితే ఆమె చేటంత చెయ్యి కదిలింది. పైన పాత కేలండరు మేకు ఒకటుండేది. గోడలో ఉన్నామె ఆ మేకును అందుకోవాలి, అంతే నీ పని అంది చిన్నమ్మ.

ఆ గోడకు అవతలి ఇల్లు ఖాళీ. గొడవలు ముదిరినప్పుడు ఆ ఇంటివాళ్ళు తాళం వేసుకుని ఎటో వెళ్ళిపోయారు. వాళ్ళ గడియారం మాత్రం ఎవరూ లేని ఇంట్లో కొన్నాళ్ళు గంటలు కొట్టి, ఒకనాడు ఆగిపోయింది. అందుకే ఆ నీడ నాది అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అటువైపు మిగిలిపోయిన మనిషెవరో సాయంత్రం కాగానే గోడలోకి వచ్చి నిలబడుతోందనుకున్నాను. భయమేసేది. కానీ ఆమె చెయ్యి బలంగా ఉండేది. నాకు లేని చెయ్యి అది. కర్ఫ్యూ వల్ల వీధిలో అలికిడి ఉండేది కాదు. నా ఊపిరి, వెనక చిన్నమ్మ అడుగులు, అంతే వినబడేవి.

కొద్దిరోజులకు ఆ చెయ్యి మేకును తాకింది. నేను సంతోషించాను. కానీ మర్నాడు మళ్ళీ అందలేదు. కష్టపడితే అందింది. ఆ మర్నాడూ అంతే. ఎన్ని రోజులైనా అదే మేకు, అదే పాట్లు. చిన్నమ్మ ఒక డంబెలు చేతిలో పెట్టింది, అప్పుడూ అంతే. చలి మొదలైంది. మా అమ్మ ఎవరూ లేనప్పుడు కళ్ళు తుడుచుకోవడం చూశాను.

తర్వాత అంతకంటే దారుణమైన సంగతి ఒకటి గమనించాను. గోడలో ఉన్నామె చిన్నదవుతోంది. మొదట దూలాల దాకా ఉన్న మనిషి మెల్లగా మా అమ్మంత అయింది, తర్వాత ఇంచుమించు నా అంత. నలుపు కూడా పలచబడింది. పక్కింటివాళ్ళలాగే ఈమె కూడా వెళ్ళిపోతోందని, వెళ్తూ నా చెయ్యిని తీసుకుపోతోందని నాకు రూఢిగా తెలిసిపోయింది. ఒక సాయంత్రం చెయ్యి ఎత్తను పొమ్మన్నాను.

"ఏందే, ఏమైంది?" అంది చిన్నమ్మ వెనక నుంచి.

"గోడలామె చిన్నగైతుంది చిన్నమ్మా. ఆమె పోతే నా చెయ్యి సుత పోతది."

కందిలి తీగపిడి చప్పుడు, నేల మీద ఏదో జరిపిన చప్పుడు వినిపించాయి. వెలుగు నా కాళ్ళ దగ్గరికి పాక్కుంటూ వచ్చింది.

"ఇప్పుడు లేపు బిడ్డా. జెర మెల్లగ."

లేపాను. గోడ మీద నల్లటి చెయ్యి ఒక్కసారిగా ఉబ్బింది. మేకును దాటింది, గోడను దాటింది, దూలాల మీదుగా వంగి కప్పంతా పాకి, మా నెత్తి మీదికి వచ్చి నిలబడింది. గుమ్మంలో ఉన్న నాయనమ్మ ప్రభువును తలుచుకుని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాన్నుంచి తప్పించుకోవాలని తల దించి పక్కకు తిరిగాను. అప్పుడు కనిపించింది నా చెయ్యి. సన్నగా, వణుకుతూ, చేతిలో డంబెలుతో, నా చెవి పక్కన నిటారుగా ఉంది.

అన్నాళ్ళూ చిన్నమ్మ నాకు తెలియకుండా కందిలిని రోజుకింత వెనక్కి జరుపుతూ, పీట మీదికి, పెట్టె మీదికి ఎత్తుతూ వచ్చింది. దీపం వెనక్కి, పైకి పోయేకొద్దీ నీడ కిందికి దిగుతుంది. అదే మేకును అందుకోవడానికి నేను ప్రతిరోజూ నిన్నటికంటే పైకి ఎత్తాను. నేను ఏడ్చి, ఇంత భయపడ్డానే, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే దీపం దిక్కు చూస్తుంటివి, చెయ్యి లేపకపోతుంటివి" అంది ఆమె. తర్వాత నా పక్కన కూర్చుని, ఆ చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కొబ్బరినూనె రాసింది. మధ్యమధ్య దాన్ని చెవి దాకా లేపి చూసుకుంది. నాకు తెలియకుండా ఆమె కూడా భయపడే ఉంటుంది.

ఇప్పుడు చిన్నమ్మ లేదు. పోయినేడు నాకు అదే భుజం పట్టేసింది. డాక్టరు చెప్పినట్టు ఇంట్లోనే నీళ్ళ సీసా పట్టుకుని మళ్ళీ కసరత్తు మొదలుపెట్టాను. ఎంత ఎత్తానో ప్రతి సాయంత్రం డైరీలో రాసుకుంటాను. వారాల తరబడి ఒకే మాట రాయాల్సి వస్తుంది. అలాంటి రోజుల్లో నిరాశ రాదని అనను. దీపం పెట్టాక వెనక్కి తిరిగి చూడాలంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆ చెయ్యి నుంచి మాత్రం మొహం తిప్పుకోను. ముడతలు పడి, సన్నబడి, ఎత్తినకొద్దీ వణుకుతుంది. అయినా దాన్నే చూస్తూ ఎత్తుతాను.