గేట్‌ పాస్‌ లేని చిలక

గేట్‌ పాస్‌ లేనిదే ఏ వస్తువునూ గడప దాటనివ్వకపోవడం సాదుల్లా భాయ్‌కి ఉన్న ఒకే ఒక్క జబ్బు. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్లు కాపలా కాశాడు. రిటైరయ్యాక గేటు అక్కడే ఉండిపోయింది, పాసుల పుస్తకం మాత్రం ఆయనతో చిట్కుల్‌లోని మా గల్లీకి వచ్చింది. కూతురు ఆతియా పచ్చడి జాడీ పట్టుకెళ్లాలన్నా వస్తువేది, ఎన్ని, ఎక్కడికి, తీసుకునేదెవరు అని నాలుగు గళ్లూ నిండాల్సిందే.

"మా అత్తకే అబ్బా."

"అయితే అత్త సంతకం తీస్కరా బేటీ."

అలాంటి మనిషి ఎదురింట్లో ఉండగా మేం కొత్తవి వేయించడానికి స్నానాలగది పాత టైల్స్ పగలగొట్టించాం. పక్కింటి ప్రవీణ్‌కుమార్ వంటింటి టైల్స్ పెంకులు లెక్కపెట్టడానికి భాయ్‌కి ఒక పూట పట్టిందని విని ఉన్నాను. అందుకే ఆయన నమాజుకు వెళ్లిన వేళ చూసి మా పెంకులన్నీ ఆటో ఎక్కించాను.

"యాడ పొయ్యాలె సారు?" అన్నాడు ఆటో చిన్నరాములు.

"చెరువు కట్ట పక్కన. జల్దీ."

చెరువు దగ్గర చెత్త పోస్తే జరిమానా అని ఆ తర్వాత గుర్తొచ్చింది. గల్లీలో ఏ బండి ఆగినా మున్సిపాలిటీ వాళ్లేననిపించింది. తలుపు గడియ మూడుసార్లు చూశాను.

"మనిషిని సంపినట్టు ఆ చెమటలేంది?" అంది మా ఆవిడ ప్రభావతి.

మర్నాడు పొద్దున్నే భాయ్‌ వచ్చాడు. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో చిలకబొమ్మ ఉన్న పచ్చ పెంకు. చిలకకు తల లేదు. నాకూ ఉన్నట్టు అనిపించలేదు.

"కట్ట కాడ దొరికింది. గిది మీదే గదా సాబ్?"

"ఇలాంటివి చాలా ఇళ్లల్లో..."

"అవు భాయ్, గదే," అంది ప్రభావతి వెనకనుంచి సంతోషంగా. "పటాన్‌చెరులో నేనే ఏరి తెచ్చిన."

"ఆటో ఎక్కుండ్రి సాబ్. మూడో గడి, 'ఎక్కడికి' అన్నది, ఖాళీగుంది."

కట్ట దగ్గర నేను, భాయ్‌, చిన్నరాములు ముగ్గురం కలిసి పెంకులన్నీ తిరిగి ఆటోలోకి ఎత్తాం. వాటిలో కలిసిన స్నానాలగది అద్దం ముక్కలను మాత్రం మమ్మల్ని ముట్టనివ్వకుండా ఆయనే ఏరి వేరే సంచిలో కట్టాడు. ఆటో మెయిన్‌ రోడ్డెక్కింది. ముందు పోలీస్‌ స్టేషన్‌ బోర్డు. నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి ఆటో వీధులూడ్చే ముత్యమ్మ ఇంటిముందు ఆగి ఉంది. గడప ముందు పెద్ద గుంత, దాని మీద ఒక చెక్క. వానొస్తే ఆ చెక్క మీదుగానే ఆమె పనికి పోవాలి. పోయిన వానాకాలం దానిమీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకుందట. గుంత ముప్పాతిక నిండి ఉంది. అందులో ప్రవీణ్‌కుమార్ వంటింటి పెంకులున్నాయి. మా గల్లీ చివరింటి జావీద్ పాత ప్రహరీ ఇటుకలున్నాయి.

చిన్నరాములు పెంకులు గుంతలోకి దించాక, ముత్యమ్మ సిరాలో బొటనవేలు అద్ది నాలుగో గడిలో నొక్కింది. పుస్తకం తిప్పి చూస్తే అలాంటి నీలం వేలిముద్రలే మరో పదకొండు ఉన్నాయి.

"ముందే చెబితే నేనే పంపేవాణ్ణి కదా భాయ్‌?"

"చెప్తే దానమైతది సాబ్. పాసుంటే ఆమె మాల్ తీస్కునే పార్టీ."

ముత్యమ్మ చెక్క పక్కన దిగి, కాలితో లోతు కొలిచింది. ఇంకా జానెడు తక్కువ.

"సారూ," అంది నా వైపు తిరిగి, "మీ వంటిల్లు గూడ పాతదేనంట గదా?"

భాయ్‌ అప్పటికే కొత్త పేజీ తిప్పి, మూడో గడి నింపేస్తున్నాడు.