గుండం అంచున నేను చేసిన పని

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పలేదు. కాలేజీలో అసలే చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

రాజమండ్రిలో ఫిజిక్స్ చెప్పుకునే లెక్చరర్ని. నాకో జబ్బుంది. ఏ పనైనా ఎలా జరుగుతుందో తెలిసేదాకా నిద్ర పట్టదు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి మా నాన్నగారి చేత బాగా చీవాట్లు తిన్నాను, అయినా బుద్ధి రాలేదు. నాతో పనిచేసే లెక్కల మాస్టారు పెద్దాపురం దగ్గర తమ ఊరి జాతరకు రమ్మన్నప్పుడు, నన్ను బస్సెక్కించింది అమ్మవారి మీద భక్తి కాదు, నిప్పుల మీద మనుషులు ఎలా నడుస్తారో చూడాలన్న ఆరాటం.

ఊరివాళ్లు ఎంత మర్యాద చేశారో! చెప్పులు విప్పి కాళ్లు కడుక్కుని వెళ్తే, నిప్పుల గుండం పక్కనే నిలబడనిచ్చారు. చింతమొద్దులు కాలి కాలి ఎర్రటి నిప్పులయ్యాయి. పూజారిగారు పొడుగాటి గెడతో వాటిని కొట్టి చదును చేస్తే పైన పలచగా బూడిద కమ్మింది.

"ఎంతసేపైనా చూడండమ్మా. దేన్నీ ముట్టుకోకండి" అన్నారాయన.

అలాగేనండి అన్నాను.

ఇంతలో అమ్మవారి గరగ కుండలు ఊరేగింపుగా వస్తున్నాయని డప్పులు మోగాయి. అందరూ అటు తిరిగారు. ఆ బూడిద ఎంత మందం ఉంటుంది? తీసేస్తే కింద ఎలా ఉంటుంది? పక్కన పడి ఉన్న వెదురుకర్ర తీసుకుని అంచున జానెడు మేర కెలికాను. లోపలి నిప్పు పైకి తేలి ధగధగలాడింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం వేసింది. తిరిగి సర్దేలోగా జనం వచ్చేశారు. కర్ర వదిలేసి, చేతులు కట్టుకుని పెద్దమనిషిలా నిలబడ్డాను. అప్పుడే పూజారిగారికి చెప్పి ఉంటే గెడతో రెండు దెబ్బలు వేసి సరిచేసేవారు. నా మర్యాద పోతుందని చెప్పలేదు.

ముగ్గురు గుండం మధ్యలోంచి నడిచి వెళ్లారు. నాలుగో మనిషి మాస్టారి అక్కగారు, సత్యవతిగారు. కూతురికి మూర్ఛలు తగ్గాలని మొక్కుకుని మొదటిసారి దిగారు. కాస్త పక్కకు తూలి, సరిగ్గా నేను కెలికిన చోట కాలు వేశారు. ఆ కేక ఇప్పటికీ వినిపిస్తుంది.

మధ్యాహ్నం ఆవిడ అరికాలికి మందు రాయించుకుని మంచం మీద పడుకుని ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆవిడ అత్తగారు, కోడలి నిష్ఠలో ఏదో లోపం జరిగిందని చెబుతోంది. సత్యవతిగారు నన్ను దగ్గరకు పిలిచారు.

"మేడంగారండీ, మీరు బయటివాళ్లు కాబట్టి చెబుతున్నాను. పొద్దున్న ఉపవాసంలో ఉండి కూడా, తలనొప్పికి ఆగలేక రెండు గుక్కలు టీ తాగేశానండి. అమ్మవారికి తెలిసిపోయింది."

"టీ తాగితే కాళ్లు కాలవండీ."

"మరి దేనివల్లనండి? ముందెళ్లిన ముగ్గురికీ ఏం కాలేదు కదండీ?"

దానికి జవాబు తెలిసినది ఆ ఊళ్లో నేనొక్కదాన్నే. "ఏమోనండి" అన్నాను.

ఎందుకలా అన్నాను? ఒక మనిషి నన్ను నమ్మి తన తప్పు చెప్పుకుంటుంటే, అంతకన్నా పెద్ద తప్పును కడుపులో పెట్టుకుని ఆవిడను ఓదార్చడానికి నాకు నోరెలా వచ్చింది? ఆవిడ తూలడం వల్లే కాలిందేమోనని చాలాసార్లు లెక్క వేసుకున్నాను. నాకు అనుకూలంగా వచ్చేదాకా వేసుకుంటూనే ఉన్నాను.

ఆ వానాకాలంలో పిల్లకు మళ్లీ మూర్ఛ వచ్చింది. ఇప్పుడు మాత్రలతో బాగానే ఉంది. కానీ తల్లి మొక్కు చెల్లలేదనే ఊరంతా అంటుంది. ప్రతి జాతరకూ గుండంలో దిగుతానని ఆవిడ బతిమాలుతారట, పెద్దలు ఒప్పుకోరట. టీ కూడా మానేశారని మాస్టారు నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను. సిగ్గు లేకుండా నవ్వాను.

బూడిద వేడిని కాలికి అంత త్వరగా తగలనివ్వదని, గబగబా నడిస్తే కాళ్లు కాలవని ఏటా క్లాసులో చెబుతాను. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. జాతర గురించీ చెబుతాను, కర్ర సంగతి ఒక్కటీ తప్ప.

ఆవిడకు ఎదురుగా వెళ్లి చెబుతానో లేదో నాకే నమ్మకం లేదు. ఈ కాగితం మీద మాత్రం చెప్పగలుగుతున్నాను. రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది. సత్యవతిగారూ, మీరు అడిగినదానికి నాకు ఆ రోజే జవాబు తెలుసు. మీ టీ వల్ల కాదు. గుండం కెలికింది నేనండి.