సీల్ వేయని మిర్చి పెట్టె

తొంభైల మొదట్లో, ఒక మిర్చి సీజన్‌లో, నన్ను బోనకల్ వైపు ఒక గూడ్స్ షెడ్డులో టాలీ క్లర్కుగా వేశారు. కంటైనర్‌లోకి ఎక్కే ప్రతి బస్తానూ చూసి రాసుకుని, చివర సీల్ వేయించే పని. పదో తరగతి చదివి టేకులపల్లి నుంచి వచ్చినదాన్ని, ఊరు కొత్త. నాతో మాట్లాడేది హమాలీ ఆడవాళ్ల పెద్ద సాయమ్మక్క ఒక్కతే. మధ్యాహ్నం తన సద్ది దగ్గర నాకూ చోటిచ్చేది.

రైలు మీద వెళ్లిన ఆ కంటైనర్ పెట్టె విశాఖలో తెరవకుండానే ఓడెక్కాలి. అందుకని పోర్టువాళ్లూ రైల్వేవాళ్లూ కలిసి క్లర్కులకూ, సరుకు పంపే ఏజెంట్లకూ విశాఖలో ఐదు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. తడి సరుకు మూసిన పెట్టెలో ఆవిరై, పైరేకుకు పట్టి, మళ్లీ బస్తాల మీదే కారుతుంది. ఒక్క పెట్టె బూజు పట్టినా ఆ షెడ్డుకు ఇంకో పెట్టె రాదన్నారు.

మా మొదటి పెట్టెలో సగం బస్తాలు ఎక్కాక చెయ్యి పెట్టి చూశాను. చెమ్మ! కాయ విరక్కుండా నీళ్లు జల్లి బస్తాల్లో తొక్కడం మా వైపు హమాలీలకు అలవాటే. సీల్ వేయనన్నాను.

"ఏంది పిల్లా, పుట్టినకాడి నుంచి జల్లుతున్నం. ఇయ్యాల నీకు తడి కనబడ్డదా?" అంది సాయమ్మక్క.

"గది లారీకి అక్కా. గిది ఓడ దిగేదాక మూసే ఉంటది."

"అయిదొద్దులు విశాఖ పోయొచ్చి మాకు మిర్చి నేర్పుతున్నవా!"

అందరూ నవ్వారు. మా పెట్టె లేకుండానే గూడ్స్ బండి వెళ్లిపోయింది. వచ్చే బండికీ ఎక్కకపోతే సరుకంతా లారీలకు మళ్లిస్తానని ఏజెంటు చెప్పి పోయాడు. అదే జరిగితే షెడ్డులో హమాలీలకు కూలి పోయినట్టే.

బస్తాలు విప్పి ప్లాట్‌ఫారం మీద పోశారు. ఆరడానికి నాలుగు రోజులు నేనే తిరగేశాను. సద్దికి ఎవరూ పిలవలేదు. మాట్లాడకపోతే పొద్దు గడవని నాకు, ఆ నాలుగు రోజులూ నోట్లోంచి తుమ్ములు తప్ప ఏమీ రాలేదు.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం సాయమ్మక్క వచ్చింది. "నీ పెట్టెల గంతగనం ఏమున్నదో చూస్త." ఎండలో కాలుతున్న ఖాళీ పెట్టె లోపలికి తీసుకెళ్లి తలుపులు మూశాను. కాసేపటికే కొంగుతో ముఖం తుడుచుకుంటూ బయటపడింది.

"గిండ్ల మనిషే ఆగలేడు, కాయెట్ల ఆగుతది? ముందుగాల చెప్పొద్దానే? చలిపొద్దున కాయ మెత్తగుంటది. గప్పుడు తొక్కితే నీళ్లెందుకు?"

మర్నాడు పొద్దున్నే అలాగే నింపారు. సీల్ వేయించాను. పెట్టె బండెక్కింది; ఆ తర్వాతా పెట్టెలు వచ్చాయి. సద్దికి మాత్రం మళ్లీ పిలవలేదు.

సీల్ వేసేవాళ్లను పిలిచి నీళ్లు జల్లేవాళ్లను పిలవని ట్రైనింగ్ సగం ట్రైనింగే. నేనూ నోటితో చెప్పానే గాని, తలుపు మూసి చూపించలేదు. ఉద్యోగం మానేసేదాకా ప్రతి సీజన్ మొదట్లో ముందు హమాలీలనే పెట్టెలోకి తీసుకెళ్లాను. ఏజెంట్లతో మాటలు ఆ తర్వాతే.